నీలి వజ్రానికి ఎందుకంత వెల?

ఈసీఐఎల్‌ను నిలబెట్టిన అయ్యగారి సాంబశివరావు గారి పేరు మీద వెలసిన కాలనీ ఏ.ఎస్. రావు నగర్. ఇక్కడి పాత ఇళ్లలో ఎలక్ట్రానిక్స్‌తోనే జీవితం గడిపిన పెద్దలు ఇంకా ఉన్నారు. మెయిన్ రోడ్డు మీదికొస్తే వరసగా నగల దుకాణాలు. కింది మాటలు ఆ రెండు లోకాల మధ్య నడిచినవి. మామయ్య ఈసీఐఎల్‌లో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. మేనకోడలు వజ్రాల పరీక్ష నేర్చుకుని నగల వ్యాపారంలో పనిచేస్తోంది. అమెరికాలో ఉన్న మామయ్య కొడుకు తన నిశ్చితార్థానికి ల్యాబ్‌లో తయారైన నీలి వజ్రపుటుంగరం కొంటానని, రేపు అది ఆస్తిగా పనికొస్తుందని ఫోన్లో చెప్పాడు. ఉంగరం కొనుక్కో గానీ ఆస్తి అనుకోకు అంది మేనకోడలు. మామయ్యకు ఆ మాట నచ్చలేదు.

మామయ్య: ల్యాబ్ రాయికీ గని రాయికీ తేడా ఏమిటమ్మా? రెండూ కార్బనే. అందులో ఇసుమంత బోరాన్ చేరితే నీలం రంగొస్తుంది. నా ఉద్యోగమంతా డయోడ్లు, ట్రాన్సిస్టర్ల మధ్యే గడిచింది. సిలికాన్‌లో బోరాన్ చేరితే పీ-టైప్ సెమీకండక్టర్ అవుతుంది. మీ నీలి వజ్రమూ అంతే. దానికి కోట్లు పెట్టేవాళ్లు బోరాన్‌కు పెడుతున్నారా, కార్బన్‌కు పెడుతున్నారా?

మేనకోడలు: పదార్థం గురించి మీరన్నది అక్షరాలా నిజం మామయ్యా. మామూలు వజ్రంలో కరెంటు పారదు, నీలి వజ్రంలో పారుతుంది. ఈ జాతిని 1952లో కస్టర్స్ అనే శాస్త్రవేత్త విడిగా గుర్తించాడు. మేం టైప్ టూబీ అంటాం. పది లక్షల కార్బన్ పరమాణువులకు సగటున ఒక్క బోరాన్ పరమాణువు కన్నా తక్కువున్నా రంగు కనిపిస్తుంది. బోరాన్ ఎరుపు వెలుగును మింగేస్తుంది, మిగిలిన నీలం మన కంటికి చేరుతుంది. అయితే భూమి లోపల ఈ పని జరగడం ఎంత కష్టమో మీరు లెక్కలోకి తీసుకోవడం లేదు.

మామయ్య: కష్టమేముంది? బోరాన్ దొరకని మూలకమా?

మేనకోడలు: మనం నిలబడ్డ నేల పైపొరల్లో, సముద్రపు నీళ్లలో దొరుకుతుంది. వజ్రం పుట్టే లోతులో దాదాపు ఉండదు. పైగా నైట్రోజన్ అడ్డం పడుతుంది. మామూలు వజ్రాల్లో నైట్రోజన్ ఉంటుంది, అది బోరాన్ ప్రభావాన్ని తుడిచేస్తుంది. మీరు దాన్ని కాంపెన్సేషన్ అంటారు కదా?

మామయ్య: అంటాం. డోనార్లు, యాక్సెప్టర్లు. ఒకటి ఎలక్ట్రాన్ ఇస్తే రెండోది పట్టేసుకుంటుంది.

మేనకోడలు: అంటే నైట్రోజన్ లేనిచోట, బోరాన్ ఉన్నచోట వజ్రం పెరగాలి. ఆ రెండూ కలవడం అరుదు. తవ్వితీసిన వజ్రాల్లో పదివేలకు రెండు మించి ఈ జాతివి ఉండవని అంచనా. అందులోనూ చాలావరకు లేతగానో, బూడిద కలిసిన రంగులోనో ఉంటాయి. చిక్కటి నీలం, మచ్చ లేని రాయి, పది కారెట్లు దాటినవి కావాలంటే ప్రపంచమంతా వెతికినా వేళ్ల మీద లెక్కపెట్టేన్ని దొరుకుతాయి.

మామయ్య: మరి ఆ బోరాన్ లోపలికి ఎలా పోయిందంటావు?

మేనకోడలు: 2018లో నేచర్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. జీఐఏ అనే రత్న పరీక్ష సంస్థకు చెందిన ఇవాన్ స్మిత్, ఆయన తోటివాళ్లు 46 నీలి వజ్రాలను పరిశీలించారు. రాళ్లలో చిక్కుకున్న అతి చిన్న ఖనిజపు రవ్వలను చూశారు. మామూలు వజ్రాలు 150 నుంచి 200 కిలోమీటర్ల లోతులో పుడితే, ఇవి కనీసం 660 కిలోమీటర్ల లోతులో పుట్టాయని తేల్చారు. సముద్రపు అడుగున ఉన్న రాయి నీళ్లతో పాటు బోరాన్‌ను పీల్చుకుని, భూపలకలు ఒకదాని కింద ఒకటి జారినప్పుడు అంత లోతుకు దిగి ఉంటుందని వాళ్ల వాదన. ఎప్పటిదో ఒక సముద్రం ఆనవాలు ఆ రంగు. మీ యంత్రం ఆ రంగు తెస్తుంది, ఆ ఆనవాలు తేలేదు.

ఈ మాట దగ్గర మామయ్య కాసేపు మాట్లాడలేదు. శాస్త్రంలో తనకు తెలియని సంగతి వింటే ఆయన ముఖంలో సంతోషం దాగదు. వాదన మాత్రం వదల్లేదు.

మామయ్య: బావుందమ్మా. ఇది విజ్ఞానం, దీనికి నేను దండం పెడతాను. కానీ అరుదైనదల్లా విలువైనది కాదు. నా డ్రాయరులో ఇప్పుడెవరూ తయారుచేయని వాల్వులున్నాయి, ఎవరిస్తారు డబ్బు? మన నిజాం సంగతే చూడు. మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కు తండ్రి చెప్పు ముందుభాగంలో జాకబ్ వజ్రం దొరికింది. 184 కారెట్లకు పైబడిన రాయిని కాగితాల మీద బరువుగా వాడుకున్నాడు. 1995లో భారత ప్రభుత్వం నిజాం నగలన్నిటినీ కలిపి 218 కోట్లకు కొన్నది. అప్పటికీ ఇప్పటికీ రాయి ఒకటే. విలువ రాయిలో ఉంటే మధ్యలో కాగితాల మీదికెలా వెళ్లింది?

మేనకోడలు: జాకబ్ వజ్రం రంగు లేనిది మామయ్యా. నీలి వజ్రాల కథ వేరు. ఆ కథ మనది.

మామయ్య: కొల్లూరు సంగతేనా?

మేనకోడలు: కొల్లూరే. పల్నాడులో కృష్ణ ఒడ్డున. ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే 17వ శతాబ్దంలో అక్కడికి వెళ్లి చూసి రాశాడు. తాను మొదట వెళ్లినప్పుడు 60 వేల మంది పనిలో ఉన్నారన్నాడు. మగవాళ్లు తవ్వితే ఆడవాళ్లు, పిల్లలు మట్టి మోసేవాళ్లు. పది, పన్నెండు, పద్నాలుగు అడుగుల లోతు పోయి నీరు తగిలితే ఆపేవాళ్లు. మట్టిని కడిగి, ఎండబెట్టి, దంచి, జల్లించి చేత్తో ఏరేవాళ్లు. తనకు నూరేళ్ల ముందు చిరుధాన్యం విత్తడానికి నేల తవ్వుతున్న ఒక పేదవాడికి 25 కారెట్ల రాయి దొరకడంతో ఆ గని బయటపడిందని కూడా రాశాడు.

మామయ్య: టావెర్నియే పట్టుకెళ్లిన నీలి రాయి అక్కడిదేనని రుజువుందా?

మేనకోడలు: ఎక్కడ కొన్నాడో అతను రాసిపెట్టలేదు. కొల్లూరుదని పండితులు ఎక్కువమంది నమ్ముతారు. ఇప్పటి తూకంలో దాదాపు 115 కారెట్లు. 1668లో పద్నాలుగో లూయీకి అమ్మాడు. రాజుగారి నగల పనివాడు జాన్ పితో 1673లో సాన పట్టి సుమారు 69 కారెట్లకు తెచ్చాడు. 1792లో ఫ్రెంచి విప్లవం రోజుల్లో దొంగలెత్తుకుపోయారు. 1812లో లండన్‌లో ఒక నీలి రాయి వివరాలు కాగితం మీదికొచ్చాయి. దొంగతనం జరిగి సరిగ్గా 20 ఏళ్ల 2 రోజులకు! అప్పటికి ఫ్రాన్స్ చట్టం ప్రకారం ఆ నేరానికి గడువు తీరిపోయింది. అదే హోప్ వజ్రం, 45.52 కారెట్లు. 2007లో పారిస్ మ్యూజియంలో ఫ్రాన్స్వా ఫార్జ్‌కు పాత రాయి సీసపు అచ్చు దొరకడంతో హోప్‌ను అందులోంచే కోశారన్న అనుమానం తీరిపోయింది.

మామయ్య: అది పెట్టుకున్నవాళ్లు నాశనమైపోయారని, విగ్రహం కంట్లోంచి పెకిలించారని కూడా అంటారు. అదీ విలువలో భాగమేనా?

మేనకోడలు: ఆ శాపం అమ్మకానికి పుట్టిన కథ. నగల వర్తకుడు పియేర్ కార్టియే ఒక అమెరికన్ ధనవంతురాలికి ఆ రాయి అంటగట్టడానికి ఆ కథను రంగరించి చెప్పాడు. టావెర్నియే దొంగిలించాడనడానికి ఆధారం లేదు. నీలమణి శనిది, పెట్టుకుంటే పడదు అని మన దగ్గర భయపడతారు చూడండి, దాన్ని కూడా దీనికి ముడిపెడతారు. నీలమణి కురువిందం జాతి, దీంతో సంబంధమే లేదు.

మామయ్య: సరే. ఇప్పుడు నా అసలు ప్రశ్న. నీ లెక్కలో విలువ అంటే చరిత్ర. మరి మార్కెట్ ఆ చరిత్రను కాపాడిందా? విటెల్స్‌బాక్ వజ్రం గురించి నేనూ చదివాను. అదీ కొల్లూరుదేనంటారు. యూరప్ రాచకుటుంబాల్లో వందల ఏళ్లున్న నీలి రాయి, 35.56 కారెట్లు. 2008లో లారెన్స్ గ్రాఫ్ అనే వ్యాపారి లండన్ వేలంలో 16.4 మిలియన్ పౌండ్లకు కొని, మళ్లీ సాన పట్టించి 31.06కు తగ్గించాడు. నాలుగు కారెట్లకు పైగా పాత పనితనం పొడై పోయింది. రంగు గ్రేడు పెరిగింది. మ్యూజియం వాళ్లు తప్పన్నారు. చరిత్రే విలువైతే, చరిత్రను గీకేసిన తర్వాత దాని పరువెందుకు పెరిగింది?

ఇది ఈ వాదనలో మామయ్య వేసిన గట్టి దెబ్బ. జవాబు సులువుగా దొరకదు. మేనకోడలు దాటవేయలేదని ఆమెను మెచ్చుకుంటాను.

మేనకోడలు: దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. మార్కెట్ వెల కట్టేది రంగుకు, శుభ్రతకు, బరువుకు. చరిత్రకు కొంత కలుపుతుంది, అది అమ్మకానికి పనికొచ్చినంతవరకే. 2025 మేలో జెనీవాలో గోల్కొండ బ్లూ అనే 23.24 కారెట్ల రాయిని క్రిస్టీస్ వేలానికి పెట్టింది. ఒకప్పుడు ఇండోర్ హోల్కర్ మహారాజుది. 35 నుంచి 50 మిలియన్ డాలర్లు పలుకుతుందన్నారు. వేలానికి ముందే వెనక్కి తీసుకున్నారు. కేటలాగులో గోల్కొండ పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది, కొల్లూరు లాంటి గోల్కొండ గనుల్లో మట్టి మోసినవాళ్ల మాట ఎక్కడా ఉండదు.

మామయ్య: నేనన్నదీ అదే! రావులకొండ అనే మరో చోట వజ్రాల గనుల్లో పని బాగా తెలిసిన మనిషికి కూడా ఏడాదికి మూడు పగోడాలే ఇచ్చేవాళ్లని ఆ టావెర్నియేనే రాశాడు. రాయి రాజుకు పోయింది, రాజు నుంచి వర్తకుడికి, వర్తకుడి నుంచి వేలంశాలకు. మనవాళ్లకు దక్కిందేమిటి? ఆ కొల్లూరు ఊరు కూడా పులిచింతల జలాశయంలో మునిగిపోయింది. ల్యాబ్ రాయి ఎవరి వెన్నూ విరగ్గొట్టలేదు. మా వాడు అదే కొంటానంటే నేను సంతోషిస్తాను.

మేనకోడలు: బావ ఆ కారణంతో కొంటే నేనూ సంతోషిస్తాను. ఆస్తి అంటున్నాడు, అక్కడే నాకు భయం. ల్యాబ్ రాయి కావాలంటే ఇంకొకటి, ఇంకో వెయ్యి తయారవుతాయి. జనరల్ ఎలక్ట్రిక్ వాళ్లు 1970లోనే నగల్లో పెట్టుకోదగ్గ వజ్రాలు తయారుచేశారు, నీలం రంగువి కూడా. ఇప్పుడు మన సూరత్‌లోనే ఫ్యాక్టరీలున్నాయి. 2023 బడ్జెట్‌లో ల్యాబ్ వజ్రాల పరిశోధన కోసం ఒక ఐఐటీకి నిధులు ప్రకటించారు, అది మద్రాసుకు వెళ్లింది. యంత్రాలు పెరిగేకొద్దీ ఆ రాళ్ల ధర పడుతోంది. ఇవాళ కొన్న వెల రేపు తిరిగి రాదని చెప్పి అమ్మాలి. చెప్పి అమ్మితే నాకు ఏ అభ్యంతరమూ లేదు.

మామయ్య: గని రాయి ధర మాత్రం పడదా?

మేనకోడలు: పడదని చెప్పను. 2015లో 12.03 కారెట్ల బ్లూ మూన్ 48.4 మిలియన్ డాలర్లకు పోయింది, కారెట్‌కు 40 లక్షల డాలర్లు. 2016లో 14.62 కారెట్ల ఓపెన్‌హైమర్ బ్లూ 57.5 మిలియన్లు. 2022లో దక్షిణాఫ్రికా కల్లినన్ గని నుంచి వచ్చిన 15.10 కారెట్ల రాయి కూడా ఇంచుమించు అంతే. 2025లో 10.03 కారెట్ల మెడిటరేనియన్ బ్లూ 21 మిలియన్ల పైచిలుకు, అంటే కారెట్‌కు సగం ధర. బ్లూ మూన్‌లో మచ్చ లేదు, దీంట్లో కొంత ఉంది, అదొక కారణం. కొనేవాళ్లు ప్రపంచంలో గుప్పెడు మంది, వాళ్ల మనసు మారినా ధర మారుతుంది. దుకాణంలో మనలాంటి వాళ్లకు ఆ రాళ్లు ఎలాగూ కనిపించవు. మన దగ్గర కనిపించేది వేరే నీలం.

మామయ్య: మీ అత్తయ్య ఏడు రాళ్ల దుద్దుల్లాంటిదా? మా అత్తగారు బ్లూ జాగర్ అని గొప్పగా చెప్పేవారు.

మేనకోడలు: అవే. వాటిని నీలి వజ్రాలనుకునే ఇళ్లు మన వైపు ఎన్నో. దక్షిణాఫ్రికా జాగర్స్‌ఫాంటైన్ గని పేరు మీద వచ్చిన మాట అది. ఆ రాళ్లు తెల్లవే. ఎండలో ఉండే అల్ట్రావయొలెట్ తగిలితే కొన్ని నీలంగా మెరుస్తాయి. దానికి కారణం బోరాన్ కాదు, నైట్రోజన్. వజ్రాల్లో నాలుగో వంతుకు పైగానే ఎంతోకొంత అలా మెరిసేవే. మంచి రాళ్లే, అత్తయ్య దుద్దులు మంచివే. కానీ బ్లూ అన్న మాట విని నీలి వజ్రం ధర ఇవ్వకూడదు.

మామయ్య: మరి నిజంగా నీలంగా ఉన్న రాయి చేతికొస్తే? కరెంటు పారిందా లేదా చూస్తే సరిపోతుందా? మల్టీమీటరు నా దగ్గరుంది.

మేనకోడలు: మీ మల్టీమీటరు సగం పనే చేస్తుంది. మామూలు వజ్రానికి రేడియేషన్ పట్టించి నీలం చేస్తారు. అందులో కరెంటు పారదు, కాబట్టి ఆ మోసం దొరికిపోతుంది. ల్యాబ్‌లో బోరాన్ కలిపి పెంచినదాంట్లో మాత్రం పారుతుంది. వజ్రంలా కనిపించే మోయిసనైట్‌లో కూడా చాలాసార్లు పారుతుంది. దుకాణాల్లో వాడే వేడి చూసే పెన్ను గని రాయికీ ల్యాబ్ రాయికీ ఒకే జవాబిస్తుంది. రత్నాలు పరీక్షించే పెద్ద ల్యాబుల్లో రాయి పెరిగిన తీరు చూస్తారు. అల్ట్రావయొలెట్ ఆపేశాక మిగిలే వెలుగు రంగు చూస్తారు. హోప్ వజ్రం అల్ట్రావయొలెట్ దీపం తీసేశాక చీకట్లో ఎర్రగా మెరుస్తుంది. ల్యాబ్ రాళ్ల వెలుగు చాలావరకు నీలం, ఆకుపచ్చ వైపు ఉంటుంది. అది కంటితో తేల్చే పని కాదు.

మామయ్య: నాకొక సంగతి చెప్పు. నీలి వజ్రానికి అంత వెల ఉండాలా అంటే నువ్వేమంటావు? చుట్టూ తిప్పకు.

మేనకోడలు: ఆ వెల అక్కర్లేదు. 57 మిలియన్ డాలర్లు ఎవరి అవసరమూ తీర్చవు. విలువ ఉంది. 660 కిలోమీటర్ల లోతు నుంచి మనకు చేరిన కొద్ది సాక్ష్యాల్లో అదొకటి. అది పగిలినా, గీకినా, లాకరులో తాళం పడినా చదవడానికి మిగలదు. అందుకే మ్యూజియంలో ఉండాలంటాను. 1958 నవంబరులో నగల వ్యాపారి హ్యారీ విన్‌స్టన్ హోప్ వజ్రాన్ని రిజిస్టర్డ్ పోస్టులో వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియానికి పంపాడు. అప్పటి నుంచీ అక్కడికెళ్లినవాడు ఎవరైనా చూడొచ్చు. పల్నాడు కూలి మనవడు వాషింగ్టన్ వెళ్తే చూడగలడు. నాకు ఆ రాయి విషయంలో నచ్చిన పని అదొక్కటే.

మామయ్య: ఇక్కడ నేను నీతో కలుస్తాను. కొనడంలో కాదు. చూడటంలో.

మేనకోడలు: బావతో ఏం చెబుతారు మరి?

మామయ్య: కొనుక్కోమంటాను. బిల్లు మీద ల్యాబ్‌లో పెంచినదని రాయించుకోమంటాను. పిల్లకు కూడా అదే చెప్పి తొడగమంటాను.

నా తీర్పు ఇది. పదార్థం విషయంలో మామయ్య మాటే నిజం: యంత్రపు నీలి రాయి అసలైన వజ్రమే, దాన్ని చూసి చిన్నబోవాల్సిన పని లేదు. అరుదు విషయంలో మేనకోడలిది నిజం: భూమి ఇచ్చిన నీలి రాయి మళ్లీ తయారు కాదు. ఇద్దరూ గట్టిగా పట్టించుకోనిదొకటుంది, నాకు అన్నిటికన్నా ముఖ్యం అదే. ఆ రాళ్లు ఎక్కడి నుంచి వెళ్లాయో ప్రపంచమంతా చెప్పుకుంటుంది, మన పిల్లలకు తెలియదు. తొలకరి పడితే కర్నూలు, అనంతపురం చేలల్లో ఇప్పటికీ జనం వజ్రాల కోసం నేల చూసుకుంటూ తిరుగుతారు. జొన్నగిరి, తుగ్గలి, వజ్రకరూరు పేర్లు ప్రతి వానకాలం పేపర్లో వస్తాయి. వాళ్లకు రాయి దొరికిందా, దళారి ఎంతకు కొన్నాడు అన్నంతవరకే మన ఆసక్తి ఆగిపోతుంది.

వజ్రం కొనేవాళ్లకు నా మనవి: గనిదా, ల్యాబ్‌దా, రంగు సహజమా, పట్టించినదా అన్న మాటలు గుర్తింపు ఉన్న ల్యాబ్ రిపోర్టులోనూ దుకాణం బిల్లులోనూ రాసి ఉంటేనే డబ్బివ్వండి. పులిచింతల చూడటానికి పిల్లలను తీసుకెళ్లేవాళ్లకు ఇంకో మనవి: ఆ నీళ్ల కింద కొల్లూరు ఉందని, అక్కడ వేలమంది తవ్విన మట్టిలోంచి ప్రపంచంలోకెల్లా పేరున్న వజ్రాలు వెళ్లాయని చెప్పండి. ఆ జలాశయం గట్టు మీద కొల్లూరు గనుల కోసం, గనుల్లో పనిచేసినవాళ్ల కోసం ఒక ప్రదర్శనశాల ఉండాలి. రెండు రాష్ట్రాల ప్రభుత్వాలనూ అడుగుదాం.